ఎనిమిదో గడి

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు, మూడో నంబరు లిఫ్టు పక్కన కుర్చీలో కూర్చున్న మెకానిక్‌తో మాట్లాడడానికి నాలుగు వందల పన్నెండు మంది లైన్లో నిలబడి ఉన్నారు. శుక్ర, శనివారాలు రెండూ కలిపి అతనితో మాట్లాడినవాళ్లు ఆరుగురు. వాళ్లలో నలుగురు మరుగుదొడ్డి ఎటువైపని అడిగారు. ఇద్దరు లిఫ్టు పనిచేస్తోందా అని అడిగారు.

ఆ ఆదివారం కోసం అతను వేసుకున్న లెక్కలో ఈ నాలుగు వందల పన్నెండు మంది లేరు. ఒక్క మనిషే ఉంది.

మెకానిక్‌కు యాభై రెండేళ్లు. ఎనిమిది నెలల కిందట అడిగి మరీ బదిలీ చేయించుకుని ఈ ఊరికి వచ్చాడు. లాండ్రీ మీద గది తీసుకున్నాడు. గదిలో రెండు గ్లాసులున్నాయి. రెండోది అతను కొన్నది కాదు, మొదటిదానితో ఉచితంగా వచ్చింది. ఈ ఊళ్లోనే అతని కూతురు తల్లి దగ్గర ఉంటోంది. పంతొమ్మిదేళ్లు. తండ్రీ కూతుళ్లు ఒకరినొకరు చూసుకుని ఆరేళ్లు దాటింది. వచ్చిన దగ్గర్నుంచి అతను ప్రతి ఆదివారం ఆమె ఫోనుకి "బాగున్నావా" అని ఒక సందేశం పెట్టేవాడు. ముప్పై మూడు ఆదివారాలు జవాబు లేదు. ముప్పై నాలుగోదానికి, గురువారం నాడు వచ్చింది.

"ఆదివారం గేమింగ్ పోటీలకి వస్తున్నా. మీరు డ్యూటీ చేసేది ఆ బిల్డింగులోనేనట కదా, అమ్మ చెప్పింది."

అతను నాలుగు జవాబులు రాసి చెరిపేశాడు. పదకొండు నిమిషాల తర్వాత ఐదోది పంపాడు. "లిఫ్టు 3."

"ఒంటిగంటకి వస్తా. అక్కడే ఉండండి," అని ఆమె రాసింది.

అక్కడే ఉండడం అతనికి కష్టం కాదు. ఉద్యోగమే అది. ఛాంపియన్‌షిప్ జరిగే మూడు రోజులూ బిల్డింగులోని నాలుగు లిఫ్టుల పక్కనా నలుగురు మెకానిక్‌లను కూర్చోబెడతామని వాళ్ల కంపెనీ రాసిచ్చింది. శుక్రవారం పొద్దున సూపర్‌వైజరు వచ్చి ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి వెళ్లాడు.

"స్టాండ్‌బై అంటే స్టాండ్‌బై. లిఫ్టు ఆగినా ఆగకపోయినా నువ్వు కుర్చీలో ఉండాలి. కుర్చీ వదిలావంటే ఉద్యోగం వదిలినట్టే. బుర్రకెక్కిందా?"

"ఎక్కింది సార్."

రెండు రోజులు లిఫ్టు ఆగలేదు. ఆదివారం ఎనిమిదీ నలభైకి మెకానిక్ ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. సామాన్ల గదిలోంచి ఇంకో కుర్చీ తెచ్చి పక్కన వేశాడు. గుడ్డతో తుడిచాడు. ఒంటిగంటకు ఇంకా నాలుగు గంటల ఇరవై నిమిషాలుంది.

పెద్ద ఆటలన్నీ కింద అంతస్తులోని మైదానంలో, పెద్ద తెర ముందు జరుగుతాయి. రెండు ఆటల మధ్య ప్రేక్షకులకు పొద్దుపోవడానికి మొదటి అంతస్తులో అనుబంధ కార్యక్రమాలు పెట్టారు. పాత గేమ్ మెషీన్ల గది, బొమ్మలకు రంగులేసే బల్ల, వేషాలు వేసుకుని ఫోటో దిగే గోడ, వేళ్ల నొప్పులకు వ్యాయామం నేర్పే డాక్టరు, ఇలాంటివి. వచ్చిన ప్రతి మనిషికీ ఎనిమిది గళ్ల కార్డు ఒకటి ఇచ్చారు. ఒక్కో కార్యక్రమం దగ్గర ఒక్కో ముద్ర. ఎనిమిదీ నిండిన కార్డులన్నీ కలిపి చీటీ తీసి, వందమందికి ఆదివారం సాయంత్రం ఫైనల్లో ముందు వరుస సీటు.

చిక్కల్లా ఏమిటంటే, కార్యక్రమాలు ఏడే ఉన్నాయి. ఎనిమిదోదానికి రావలసిన సామాను లారీ వేరే ఊళ్లోని వేరే హాలుకు వెళ్లిపోయింది. కార్డులు అప్పటికే అచ్చయ్యాయి. అనుబంధ కార్యక్రమాల మేనేజరు గురువారం రాత్రి తన సిబ్బందిని పిలిచి చెప్పింది.

"రద్దయిందని మాత్రం అనకండి. రద్దు అన్న మాట వినపడితే గొడవ చేస్తారు. ఎవరైనా అడిగితే, 'వెతకండి, దొరుకుతుంది' అనండి. రెండ్రోజులు వెతికి వాళ్లే మర్చిపోతారు."

గేములాడేవాళ్లను వెతకమని చెప్పి, వాళ్లు మర్చిపోతారనుకుంది.

ఆదివారం ఉదయం పదీ ఐదుకు ఇద్దరు కుర్రకారు మూడో లిఫ్టుకు పది అడుగుల దూరంలో నిలబడ్డారు. ఒకతనికి ఎర్రటోపీ, ఇంకొకతనికి కళ్లజోడు. ఇద్దరి కార్డుల్లోనూ ఏడేసి ముద్రలున్నాయి. శనివారం లిఫ్టు పనిచేస్తోందా అని అడిగిన ఇద్దరూ వీళ్లే.

"నిన్న పొద్దున ఇక్కడే ఉన్నాడు. సాయంత్రం ఇక్కడే ఉన్నాడు. ఇవాళా ఇక్కడే ఉన్నాడు," అన్నాడు ఎర్రటోపీ.

"డ్యూటీ ఏమోరా."

"పాడవని లిఫ్టుకి మెకానిక్ ఎందుకురా? ఒళ్లో సంచీ చూడు. పక్కన ఖాళీ కుర్చీ చూడు. ఎవడైనా ఊరికే రెండు కుర్చీలేసుకుంటాడా?"

"నిన్న నేనడిగితే ఏమన్నాడో తెలుసా? 'లిఫ్టు పనిచేస్తోంది. మెట్లు ఎడమవైపు.'"

"నాతోనూ అదే అన్నాడు."

"అదేనా?"

"అక్షరం తేడా లేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

గేములు ఆడనివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ గేముల్లో కొన్ని పాత్రలుంటాయి. వంతెన దగ్గరో, వీధి మలుపులోనో పొద్దస్తమానం ఒకేచోట ఉంటాయి. ఎవరు పలకరించినా ఒకే మాట చెబుతాయి. పదిమందిలో తొమ్మిదిమంది దాటుకుని వెళ్లిపోతారు. పదోవాడు ఆగి, ఏమైనా సాయం కావాలా అని అడిగితే ఒక పని అప్పగిస్తాయి. చేసుకొస్తే బహుమతి ఇస్తాయి. ఒకే కుర్చీలో మూడు రోజులు కూర్చుని, అడిగినవాళ్లందరికీ ఒకే సమాధానం చెప్పే మనిషి అలాంటి పాత్ర కాకుండా నిజం మనిషి అయివుంటాడని ఆ ఇద్దరికీ తట్టలేదు.

ఎర్రటోపీ ముందుకు వచ్చాడు. "అంకుల్, మీకేమైనా సాయం కావాలా?"

మెకానిక్ తలెత్తాడు. ఆ మాట అతన్ని ఈ ఊళ్లో ఎవరూ అడగలేదు.

"నిజంగానే అడుగుతున్నావా బాబూ?"

"నిజంగానే అంకుల్. ఏదైనా పర్లేదు."

కుర్చీ వదలకూడదు కనుక అతనికి పొద్దున్నుంచీ ఒక అనుమానం తీరకుండా ఉంది. "మూడో అంతస్తులో లిఫ్టు పైన అంకెల దీపం ఉంటుంది. వెలుగుతోందో లేదో చూసి రాగలవా?"

ఇద్దరూ మెట్లమీదుగా పరుగెత్తారు. రెండు నిమిషాల్లో రొప్పుతూ తిరిగొచ్చారు.

"వెలుగుతోంది అంకుల్!"

"మంచిది. సంతోషం."

ఇద్దరూ కదలలేదు. చేతుల్లోని కార్డులు చాపి నిలబడ్డారు. మెకానిక్ ఆ కార్డులు చూశాడు. ఏడు గళ్లు నిండి ఉన్నాయి, ఒకటి ఖాళీ. చేసిన పనికి ఎక్కడో ఒకచోట గుర్తుండాలన్నది అతని వృత్తిలో మొదటి పాఠం. సంచీలోంచి లిఫ్టు రిజిస్టరు మీద వేసే రబ్బరు ముద్ర తీసి, రెండు కార్డుల మీదా వేశాడు. ముద్రలో "తనిఖీ అయినది" అని ఉంది.

ఎర్రటోపీ వేసిన కేక పాత మెషీన్ల గదిలోకి వినబడింది.

పదిన్నరకు లిఫ్టు ముందు ముప్పైమంది ఉన్నారు. పదకొండుకు తొంభైమంది. మూడో అంతస్తు దీపం వెలుగుతోందని అతనికి నలభైసార్లు రూఢి అయింది. చేసిన పనే మళ్లీ చేయించడానికి అతనికి మనసొప్పలేదు. నిజంగా తెలుసుకోవాలనుకున్నవే అడగడం మొదలుపెట్టాడు.

"నాలుగో అంతస్తు కిటికీలోంచి ఏం కనబడుతుందో చూసి చెప్పమ్మా. ఎనిమిది నెలల్నుంచి చూద్దామనుకుంటున్నా."

"పార్కింగు అంకుల్. దాని వెనక గోడ. గోడ మీద పిల్లి."

"అంతేనా?"

"పిల్లి బాగుందంకుల్."

మొహం పీక్కుపోయినవాళ్లు వస్తే, "భోంచేశావా?" అని అడిగేవాడు. లేదంటే, "చేసి రా. అదే నీ పని," అనేవాడు. భోజనాల దగ్గర లైను గంటన్నర ఉంది. మూడో లిఫ్టు మనిషి ఇచ్చే పనుల్లో ఇదే కష్టమైనదని పదకొండున్నరకల్లా హాలంతా పాకిపోయింది. పదిమందిలో ఒకరిని, "పొద్దుట్నుంచి ఏం చేశావో చెప్పు," అనేవాడు. వాళ్లు చెబుతుంటే వినేవాడు. లైన్లో వెనకున్నవాళ్లు గొణిగేవారు.

పదకొండుంబావుకే మేనేజరు వచ్చింది. మెడలో మూడు గుర్తింపు కార్డులు, చేతిలో వైర్‌లెస్.

"ఎవరండీ మీరు? ఈ ముద్ర వేయమని మీకెవరు చెప్పారు?"

"లిఫ్టు మెకానిక్‌నమ్మా. వాళ్లు కార్డులు చాపారు. వేశాను."

ఆపేయండి అనబోయి ఆమె లైను వంక చూసింది. రెండు రోజులుగా ఎనిమిదోది ఎక్కడ అని తనను పీక్కుతిన్న మొహాలన్నీ అక్కడ ఉన్నాయి. అన్నీ నవ్వుతున్నాయి.

"మధ్యలో ఆపకండి," అంది. "మీ పక్కన కుర్చీ ఖాళీయేనా?"

"ఖాళీ కాదమ్మా. ఒకరి కోసం."

"ఆ ఒకరు వచ్చాక చూద్దాం లెండి." కుర్చీ లాక్కుని వెళ్లి, దానిమీద "ఎనిమిదో కార్యక్రమం, లైను ఇక్కడ మొదలు" అన్న బోర్డు నిలబెట్టింది. తాళ్లు కట్టించింది. తాళ్ల దగ్గర ఒక సెక్యూరిటీ గార్డును పెట్టింది.

మెకానిక్ ఆమెను పిలిచాడు. "అమ్మా, ఒంటిగంటకి నాకో పది నిమిషాలు తీరిక కావాలి. మా అమ్మాయి వస్తోంది."

"ఒంటిగంటకా? ఒంటిగంటకే మిమ్మల్ని పెద్ద తెర మీద వేస్తున్నాం. ఆ తర్వాత ఎప్పుడైనా తీసుకోండి."

పన్నెండు గంటల యాభై ఆరు నిమిషాలకు కూతురు మొదటి అంతస్తుకు వచ్చింది. నాలుగు నిమిషాలు ముందే వచ్చింది. మూడో లిఫ్టు కనబడలేదు, జనం కనబడ్డారు. తాళ్ల దగ్గరున్న గార్డు దగ్గరకు వెళ్లింది.

"అన్నా, నేను లోపలికెళ్లాలి. లిఫ్టు దగ్గర కూర్చున్నాయన మా నాన్న."

గార్డు నిట్టూర్చాడు. "ఇందాక ఒకాయన మా బాబాయి అన్నాడు. ఒకావిడ మా మేనమామ అంది. ఇంకొకడు మా అల్లుడు అన్నాడు, వాడికే పాతికేళ్లు లేవు. పొద్దున్నుంచి ఆ పెద్దమనిషికి చుట్టాలు పుట్టుకొస్తూనే ఉన్నారు తల్లీ. వెళ్లి లైన్లో నిలబడు."

"నిజంగా మా నాన్నే అన్నా."

"వాళ్లూ నిజంగానే అన్నారు."

ఆమె వెళ్లి లైన్లో నిలబడింది. ఆమె ముందు నూటతొంభై రెండు మంది ఉన్నారు. ఒంటిగంటకు కింద మైదానంలో పెద్ద తెర మీద "ఎనిమిదో కార్యక్రమం: లిఫ్టు 3" అని పడింది. ఆమె వెనక లైను మెట్లు దిగి, మలుపు తిరిగి, కనబడకుండా పోయింది.

ఒంటిగంట దాటాక మెకానిక్ చేతులు ముద్ర వేస్తున్నాయి గాని కళ్లు గడియారం మీద ఉన్నాయి. ఐదు నిమిషాలయింది. పదయింది. కుర్చీలోంచి లేచి చూస్తే ముందువాళ్ల తలలు తప్ప ఏమీ కనబడలేదు. లేచినందుకు మనసులో సూపర్‌వైజరు మాట మెదిలి మళ్లీ కూర్చున్నాడు. ఒంటిగంటా ఇరవైకి లైన్లో ముందున్న మనిషి, "నాకేం పని అంకుల్?" అని అడిగాడు.

"ఒక అమ్మాయి ఈపాటికి రావాలి," అన్నాడు మెకానిక్. "పంతొమ్మిదేళ్లు. ఎక్కడుందో చూసి చెబుతావా?"

"ఎలా ఉంటుంది?"

ఎలా ఉంటుందో అతనికి తెలియదు. ఫోనులో ఉన్న ఫోటో చూపించాడు. పదమూడేళ్లప్పటిది. రెండు జడలు, గుండ్రటి కళ్లజోడు. ఆ తర్వాతవాడికీ అదే పని చెప్పాడు. ఆ తర్వాతవాళ్లకూ. ముద్ర పడ్డాక కూడా వెళ్లిపోకుండా పెళ్లిపెద్దలా అక్కడే తిరుగుతున్న ఎర్రటోపీ, "ఫోను ఇలా ఇవ్వండంకుల్, నేను హాలంతా తిప్పి చూపిస్తా," అని పట్టుకెళ్లాడు.

ఒంటిగంటా ఇరవై నాలుగుకు ఆ ఫోనుకి కూతురి దగ్గర్నుంచి సందేశం వచ్చింది. "వచ్చాను. లైన్లో ఉన్నా." ఇతరుల సందేశాలు చదవకూడదని ఎర్రటోపీకి ఇంట్లో నేర్పారు. అతను దాన్ని పక్కకు తోసేసి ఫోటో చూపిస్తూ ముందుకెళ్లాడు. కూతురు ఇంకో రెండు సందేశాలు పెట్టింది. జవాబు రాలేదు. ఫోను సంచీలో పెట్టేసింది.

ఒంటిగంటా యాభైకి ఎర్రటోపీ గర్వంగా ఒక అమ్మాయిని తీసుకొచ్చాడు. ఏదో గేములోని వేషం, రెండు జడలు, గుండ్రటి కళ్లజోడు.

మెకానిక్ లేచి నిలబడ్డాడు. "నువ్వేనా అమ్మా?"

"నేనే అంకుల్. మీరు ఎవరంటే వాళ్లే."

అతను కూర్చున్నాడు. ముద్ర వేసి పంపించాడు. మూడు నిమిషాల్లో ఇంకో అమ్మాయి వచ్చింది. మెకానిక్‌కు ఒక ప్రశ్న పెట్టక తప్పలేదు.

"మనం చివరిసారి కలుద్దామనుకున్న రోజు ఎక్కడ కలిశాం?"

"బస్టాపులో?"

"కాదు."

"స్కూలు గేటు దగ్గర?"

"కాదమ్మా. వెళ్లిరా."

రెండున్నర లోపల పదకొండుమంది కూతుళ్లు వచ్చారు. ఆస్పత్రిలో అన్నారు, సినిమా హాల్లో అన్నారు, ఒకామె కలలో అంది. కాదన్నప్పుడల్లా అతను పాపం నడిచొచ్చారుగదా అని ముద్ర వేసేవాడు. దాంతో ఆ వేషానికి గిరాకీ పెరిగింది. ఫోటో గోడ దగ్గర జడల విగ్గులు అయిపోయాయి.

ఎర్రటోపీ దగ్గర ఫోను తీసుకుని ఆ ఫోటోను మేనేజరు రెండూ ముప్పై ఐదుకు పెద్ద తెర మీద వేయించింది. పని అందరికీ ఒకేసారి చెబితే లైను తొందరగా కదులుతుందనుకుంది. కింద "ఈ అమ్మాయిని కనుక్కోండి" అని రాయించింది. కింది అంతస్తులో ఉన్నవాళ్లకు అది ఎనిమిదో గడి పని అని తెలియదు. వాళ్లకు తెర మీద ఇరవై అడుగుల ఎత్తున కనబడింది తప్పిపోయిన పాప. ఒక తల్లి వెళ్లి గేటు దగ్గర చెప్పింది. గేటువాళ్లు వైర్‌లెస్‌లో చెప్పారు. రెండూ యాభైకి బిల్డింగు తలుపులన్నీ మూసేశారు. సెమీఫైనల్ ఏడు నిమిషాలు ఆపి మైకులో చెప్పారు: "రెండు జడలు, కళ్లజోడు, వయసు పదమూడు. పాప తండ్రి మొదటి అంతస్తులో ఏడుస్తున్నాడు."

మెకానిక్ ఏడవడం లేదు. మూడు వందల పదో ముద్ర వేస్తున్నాడు.

మెట్ల పక్కనున్న తెరలో తన మొహం చూసి కూతురు మళ్లీ గార్డు దగ్గరకు వెళ్లింది. ఇప్పుడామె జుట్టు చెవుల దాకా కత్తిరించి ఉంది, కొసలకు ఆకుపచ్చ రంగు ఉంది. కళ్లజోడు లేదు.

"అన్నా, ఆ ఫోటోలో ఉన్నది నేనే."

గార్డు తెరవంక చూశాడు, ఆమెవంక చూశాడు. "పాప తప్పిపోయి ఆ తండ్రి ప్రాణం అల్లాడుతుంటే నీకు వేళాకోళంగా ఉందా? వెళ్లు తల్లీ, నీ చోటు పోతుంది."

ఆమె ముందు నిలబడ్డ ఒక పెద్దావిడ జాగా ఉంచింది. "పిల్ల దొరుకుతుందంటావా?" అని అడిగింది.

"ఏమో ఆంటీ."

"మంచి మనిషి పాపం. పొద్దున నన్ను పాదాలు నొప్పిగా ఉన్నాయా అని అడిగాడు. అవునంటే, ఒక గంట కూర్చుని రండి, అదే మీ పని అన్నాడు. కూర్చుంటే కునుకు పట్టేసింది. ముద్ర వేయించుకుందామని మళ్లీ వచ్చా." ఆవిడ గొంతు తగ్గించింది. "తల్లి ఎలాంటిదో మరి, అంత చిన్నపిల్లని ఒంటరిగా వదిలేసింది."

"తల్లి మంచిదేనండీ," అంది కూతురు.

మూడున్నరకు సూపర్‌వైజరు గేటు తీయించుకుని వచ్చాడు. మూడో లిఫ్టు దగ్గర పాప తప్పిపోయిందని అతని ఆఫీసుకు కబురందింది. లిఫ్టులో తప్పిపోయిందని ఆఫీసులో అనుకున్నారు. తాళ్లు దాటబోతే నలభై గొంతులు ఒక్కసారి లేచాయి.

"ఓ పెద్దాయనా, లైనుంది!"

"నేను వాడి సూపర్‌వైజర్ని!"

"చుట్టాలయిపోయారు, ఇప్పుడు ఆఫీసర్లు మొదలయ్యారు," అన్నాడు గార్డు.

సూపర్‌వైజరు అరగంట లైన్లో నిలబడ్డాడు. పదిహేడుమంది ముందుకు జరిగారు. అప్పుడు మేనేజరు కనబడింది. ఆమెకూ మెకానిక్‌ను చేరే దారి లేదు. లైను ఆమె కట్టించిన తాళ్లను ఎప్పుడో మింగేసింది.

"మేడమ్, లిఫ్టు పనిచేస్తోంది కదా?"

"పొద్దున్నుంచి పనిచేస్తోంది. ఆ దీపాలు చూడ్డానికీ కిటికీలు చూడ్డానికీ జనం పైకీ కిందకీ తిరుగుతూనే ఉన్నారు."

"అయితే మనం మెట్లెక్కి మూడో అంతస్తుకి పోదాం. లిఫ్టెక్కి కిందకి దిగితే తిన్నగా వాడి ముందే తలుపు తెరుచుకుంటుంది. లైనూ లేదు, గీనూ లేదు."

మేనేజరుకు ఆ ఆలోచన నచ్చింది.

నాలుగూ పదకొండుకు కూతురు లైన్లో ముందుకొచ్చింది. అప్పటికి మెకానిక్ తలెత్తడం మానేసి గంటయింది. కార్డు అందుకోవడం, ముద్ర వేయడం, అంతే. గొంతు బొంగురుపోయింది.

"ఒక అమ్మాయిని వెతకాలి," అన్నాడు కార్డు కోసం చెయ్యి చాపి. "పంతొమ్మిదేళ్లు. రెండు జడలు..."

"దొరికింది," అంది ఆమె.

"అందరూ అదే అంటున్నారమ్మా. ఏదీ?"

"నేనే."

అతను ముద్రను ఇంకు డబ్బాలో అద్దాడు. "చివరిసారి కలుద్దామనుకున్న రోజు ఎక్కడ కలిశాం?"

"కలవలేదు," అంది. "నువ్వు రాలేదు. నేను రెండు గంటలు నిలబడ్డా."

ముద్ర కార్డు మీద పడలేదు. మెకానిక్ తలెత్తి చూశాడు. పొట్టి జుట్టు చూశాడు, ఆకుపచ్చ కొసలు చూశాడు. ఏ మొహాన్ని వెతుకుతున్నాడో ఆ మొహం అక్కడ లేదు. దాని చోట వేరేది ఉంది.

"లిఫ్టు ఆగిపోయింది ఆవేళ," అన్నాడు. "ఆస్పత్రి లిఫ్టు. లోపల నలుగురున్నారు. ఫోను కింద సంచీలో ఉండిపోయింది."

"తెలుసు. తర్వాత అమ్మ చెప్పింది."

"మర్నాడు రావాల్సింది నేను."

"అవును. రావాల్సింది."

"ఏ మొహం పెట్టుకుని రావాలో తెలియలేదు."

"ఉన్న మొహమే పెట్టుకుని రావాల్సింది."

నాలుగూ పన్నెండుకు లిఫ్టు ప్రమాద గంట మోగింది. మూడు రోజుల్లో మొదటిసారి. ఆ రోజు తొమ్మిది వందలసార్లు తిరిగిన మూడో లిఫ్టు రెండో అంతస్తుకూ మొదటి అంతస్తుకూ మధ్య ఆగింది. ఇది ఆఖరి ఘట్టమేమో అనుకుని లైనంతా చప్పట్లు కొట్టింది.

కూతురు గంటవంక చూసింది. సంచీ భుజానికి తగిలించుకుంది.

మెకానిక్ కూర్చున్న చోటునుంచే చెయ్యి చాపి, గోడకున్న మాటల డబ్బా మీట నొక్కాడు. "లోపల ఎవరు?"

"నేనయ్యా! తలుపు తియ్యి ముందు!" సూపర్‌వైజరు గొంతు హాలంతా వినబడింది.

"ఇంకెవరున్నారు సార్?"

"మేనేజరుగారు."

"లైటుందా?"

"ఉంది."

"ఫ్యాను తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

"ఇద్దరికీ ఒంట్లో బాగానే ఉంది కదా?"

"బాగానే ఉంది! పాప ఎక్కడయ్యా? ఏదో పాప తప్పిపోయిందట?"

"దొరికింది సార్. కాసేపు నిలబడండి, మీకంటే ముందొచ్చినవాళ్లున్నారు," అని మెకానిక్ మీట వదిలేశాడు.

గార్డు నోరు తెరిచి చూస్తున్నాడు. వెనకున్నవాళ్లలో ఎవరో, "ఆ అమ్మాయికేం పనిచ్చాడ్రా, ఇంతసేపు?" అని అడిగారు. ఎవరికీ తెలియలేదు. కూతురు సంచీ భుజం మీదనుంచి దించి, నేల మీద పెట్టి, దాని పక్కనే కూర్చుంది. మెకానిక్ కుర్చీలోంచి లేచి తనూ నేల మీద కూర్చున్నాడు.

"కళ్లజోడు ఏమైంది?"

"లెన్సులు."

"ఎప్పట్నుంచి?"

"మూడేళ్లయింది."

"ఓహో," అన్నాడు. తర్వాత ఆకుపచ్చ కొసల సంగతి అడిగాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

లిఫ్టు రిజిస్టరు ప్రకారం, మూడో నంబరు లిఫ్టు ఆగింది నాలుగూ పన్నెండుకు. మెకానిక్ తలుపు తెరిచింది నాలుగూ యాభై మూడుకు. అతను కూర్చున్న చోటునుంచి ఆ తలుపు నాలుగడుగులు.